పాటల సాయంత్రం మా ఇంటికి వచ్చినవాళ్ళు

ఉచితం అన్న మాట వినగానే నాకు అనుమానం పుడుతుంది. మా బోధన్‌లో వాడకట్టు యువకులు గేటు దగ్గరికి వచ్చి, ఆదివారం సాయంత్రం బడి మైదానంలో పాటల పండుగ పెడుతున్నాం, టికెట్టు లేదు, అన్నీ మన చుట్టుపక్కల బ్యాండ్లే అని చెప్పినప్పుడు, "ఏ ఎలక్షన్ వస్తున్నది తమ్మీ?" అని అడిగాను. నవ్వి వెళ్ళిపోయారు. పాపం, నిజంగా సరదాకే పెట్టారు.

నాకు వెళ్ళాలని లేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, మంచం పట్టి చాలా నెలలైంది. ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అని నిజామాబాద్ ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆ మాటకు అర్థం మా వాడకట్టులో అందరికీ తెలుసు, అవ్వకూ తెలుసు. ఆమె మాటతీరు మాత్రం చెక్కుచెదరలేదు. వెళ్ళమని తనే పోరు పెట్టింది.

"పో బిడ్డా. నీ మొకం సూసి సూసి యాష్టకొచ్చింది. కిటికీ తెరిచిపెట్టు, నేను గూడ పాటలు ఇంట."

కిటికీ తెరిచాను. ఏ అవసరం వచ్చినా పక్కింటివాళ్ళు లోపలికి రాగలిగేలా తలుపు దగ్గరికి వేసి, తాళం పెట్టకుండా వెళ్ళాను.

ఒకప్పుడు చెరుకు బండ్లు వరసగా నిలబడే రోడ్డు పక్కనే ఆ మైదానం. ఎర్ర కోట్ల పెండ్లి బ్యాండువాళ్ళు మొదట వాయించారు. తర్వాత గిటార్లు పట్టుకుని కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్ళు తీగలు సరిచేసుకోవడమే ఒక పాటంత సేపు సాగింది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ భజన మేళం మాత్రం నా మనసు దోచింది. అవ్వ వింటూ ఉంటుందిలే అనుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా మిర్చి బజ్జీ తిన్నాను.

పొద్దు గూకే వేళకు రుద్రూర్ వైపు నుంచి వచ్చిన డప్పుల జట్టు స్టేజీ ఎక్కింది. పెండ్లి దెబ్బ కొట్టారు, జాతర దెబ్బ కొట్టారు. జనం ఎగిరి ఎగిరి ఆడారు. అప్పుడు మైకు పట్టుకున్న యువకుడికి ఏం బుద్ధి పుట్టిందో, చావు దెబ్బ కూడా చూపించమన్నాడు.

జట్టు నాయకుడు డప్పు దించాడు. "ఎవ్వలు పోకుండ గా దెబ్బ కొట్టద్దు తమ్మీ."

"సూపెట్టనీకే గద అన్నా. ఒక్క నిమిషం."

కింద నుంచి ఈలలు వేశారు. ఆయన తన జట్టువాళ్ళ ముఖాలు చూసి, మళ్ళీ డప్పు ఎత్తుకున్నాడు.

చావు దెబ్బలో మధ్య మధ్య ఒక ఖాళీ ఉంటుంది. పాడె మోసేవాళ్ళు ఆ ఖాళీలోనే అడుగు వేస్తారు. ఎగురుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ముసలమ్మలు కొంగు తల మీదికి లాక్కున్నారు. తర్వాత ఒక్కొక్కరే తల తిప్పి నా వైపు చూడసాగారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం సూస్తున్నరు నన్ను?" అని గట్టిగానే అడిగాను. పక్కన కూర్చున్నామె నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి పో అక్కా" అంది.

మైకు డబ్బాలు మా గల్లీ దాకా స్తంభాలకు కట్టారు. ఎంత దూరం నడిచినా ఆ దెబ్బ నా పక్కనే నడిచింది. నా కాళ్ళు దాని ఖాళీలలోనే పడుతున్నాయని కొంత దూరం పోయాక తెలిసింది. తప్పించి నడుద్దామనుకున్నా కాళ్ళు వినలేదు. గల్లీ మలుపులో అది ఠక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది.

మా గేటు ముందు చెప్పులున్నాయి. గుట్టగా, చావింటి ముందు విడిచినట్టే ఉన్నాయి. అయిపోయింది అనుకున్నాను.

లోపల వెనక గల్లీలవాళ్ళు మంచం చుట్టూ కూర్చుని ఉన్నారు. మైదానానికి రానివాళ్ళు వాళ్ళు. మా దిక్కు నుంచి చావు దెబ్బ వినబడితే ఇంకెవరి ఇల్లు అనుకుంటారు? ఒకతని చేతిలో పూలదండ ఉంది. అవ్వతో ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన స్నేహితురాలు కాళ్ళ దగ్గర కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. వాళ్ళ మధ్య అవ్వ కళ్ళు తెరుచుకుని ఒక్కొక్క ముఖాన్నీ తీరిగ్గా చూస్తోంది. బతికి ఉందని కళ్ళారా చూశాక కూడా ఏమనాలో తెలియక వాళ్ళు అలాగే కూర్చుండిపోయారు.

"అవ్వా" అన్నాను.

"నేను పోయిన్నంట బిడ్డా" అంది.

అప్పుడు లేచారు. మా వైపు ఎవరింటి నుంచి బయలుదేరినా పోయొస్త అని చెప్పే గడప దాటుతారు. చావింటి నుంచే చెప్పకుండా పోతారు. కంగారో, అలవాటో, అందరూ తలలు వంచుకుని మాట లేకుండా బయటికి నడిచారు. దండ తెచ్చినతను దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. ఆ స్నేహితురాలు కూడా అలాగే వెళ్ళిపోయింది.

"సూసినవా? ఒక్కళ్ళు గూడ పోయొస్త అనలే" అంది అవ్వ. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి.

నేను గేటు దాకా పరుగెత్తాను. "ఆగున్రి! మా అవ్వ సచ్చిందా? లోపలికొచ్చి చెప్పి పోన్రి!"

సగం గల్లీ దాటినవాళ్ళు కూడా వెనక్కి వచ్చారు. పోయొస్త అక్కా, పోయొస్త పెద్దవ్వా అని మంచం దగ్గర వంగి వంగి చెప్పారు. ప్రతి ఒక్కరికీ అవ్వ "మంచిది" అంది. ఆ మాట అంటేనే సెలవు ఇచ్చినట్టు. స్నేహితురాలికి మాత్రం, "మంచిది. రేపు గిట్ల ఏడ్సుకుంట రాకు" అంది.

తలుపు గడియ పెట్టి, పెద్ద పని సాధించినట్టు వచ్చి కూర్చున్నాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"అందరితోని చెప్పిచ్చినవ్. నేనే ఎవ్వలికి చెప్పలే."

"ఏందవ్వా?"

"పోయొస్త బిడ్డా."

ఇప్పుడా గొంతులో భయం లేదు. భయమంతా నాకు వచ్చింది. మంచిది అంటే చాలు, ఆమె చెయ్యి వదిలేస్తుందని ఎందుకో గట్టిగా అనిపించింది. "పండుకో" అన్నాను.

ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు పోయొస్త అంటుంది. అని, జవాబు కోసం నా పెదవుల వైపే చూస్తుంది. నేను నీళ్ళు కావాలా అని అడుగుతాను.