మాట ఒకటి, లింకు ఇంకొకటి

పొద్దున మా అమ్మాయి హాల్ టికెట్ కోసం ‘ఇక్కడ నొక్కండి’ అన్న నీలం అక్షరాలు నొక్కితే రమ్మీ ప్రకటన తెరుచుకుంది. ఒళ్లు మండిపోయింది!

మనం కలిసి నేర్చుకున్న గుడివాడ కంప్యూటర్ సెంటర్ గుర్తుందా? చెప్పులు బయట విడిచి, ఏసీ చలికి వణుకుతూ కూర్చునేవాళ్లం. అక్కడ నా మొదటి వెబ్ పేజీలో ‘మా అమ్మమ్మ’ అన్న మాటకి ఆవిడ ఫోటో లింకు పెట్టాను. మాట వెనకాల, నొక్కితే ఏది తెరుచుకోవాలో చెప్పే హెచ్‌రెఫ్‌లో ఉండే ఫైలు పేరును మన క్లాసు శ్రీను మార్చేశాడు. అందరి ముందూ నొక్కితే గేదె బొమ్మ వచ్చింది. క్లాసంతా పగలబడి నవ్వింది.

“సరదాకేనండీ మేడమ్,” అన్నాడు.

“పైకి కనపడే మాట నమ్మే కదయ్యా నొక్కుతారు? లోపల ఇంకోటి పెడితే మోసం కాదూ?” అన్నారు మేడమ్.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. హెచ్‌రెఫ్ పక్కన కొటేషన్ల మధ్య అమ్మమ్మ ఫోటో పేరు మళ్లీ కొట్టి, శ్రీను చేతే నొక్కించాను. తెర నిండా అమ్మమ్మ కనపడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.