ఎడారిలో పెద్దపంజాణి దారి అడిగినాయన

శాంతిరాజు రిటైరై మదనపల్లెకు వచ్చేసరికి ఊళ్లో అందరూ ఆయన్ను అంబాసిడర్ గారనే పిలిచేవాళ్లు. తాను అంబాసిడర్ని కాదనీ, ఫస్ట్ సెక్రటరీగా దిగిపోయినవాణ్ణనీ మొదట్లో చెప్పి చూశాడు. కూరగాయల అంగడి మునస్వామి అదంతా శ్రద్ధగా విని, అంటే అంబాసిడర్ కంటే ఫస్టా సార్ అని అడిగాడు. ఆ తర్వాత శాంతిరాజు చెప్పడం మానుకున్నాడు.

ఆయన మిషన్ ఆసుపత్రి కాంపౌండరు కొడుకు. ఆసుపత్రి క్వార్టర్సులో పుట్టి, మిషన్ బడిలో చదివి, మద్రాసులో డిగ్రీ అయ్యాక పేపర్లో ప్రకటన చూసి విదేశాంగ శాఖలో గుమాస్తా పరీక్ష రాశాడు. అక్కణ్ణుంచి మెల్లగా పైకి వచ్చాడు. ఖార్టూం, వార్సా, కొలంబో, ఆఖరికి జోర్డాన్ రాజధాని అమ్మాన్. భార్య సువర్ణ కొన్ని ఊళ్లకు వెంట వెళ్లింది, కొన్నిటికి వెళ్లక ఢిల్లీలో పిల్లల చదువులు చూసుకుంది. పిల్లలు స్థిరపడ్డాక, తొంభై నాలుగులో, ఇద్దరూ మదనపల్లెలో చర్చి వెనక వీధిలో చిన్న ఇల్లు తీసుకున్నారు.

ఊళ్లో జయచంద్ర అనే ఆయన ఒక వారపత్రిక నడిపేవాడు. ఇన్ని దేశాలు తిరిగినారు కదా, మాకేమన్నా రాయండి సార్ అని వెంటపడ్డాడు. శాంతిరాజు వార్సా గురించి మూడు పేజీలు రాసిచ్చాడు. జనాభా ఎంత, ఏం పండుతుంది, చలికాలంలో పరిస్థితి ఎట్లా ఉంటుంది, అన్నీ వరసగా ఉన్నాయి. జయచంద్ర చదివి ఆ కాగితాలు మడిచాడు.

"సార్, ఇది ఆఫీసు నుంచి ఆఫీసుకు పోయే కాగితం మాదిరి ఉండాది," అన్నాడు. "ఆ చలిలో మీకేమనిపించిందో రాయండి."

శాంతిరాజు అయోమయంగా ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకేమనిపించిందన్నది ఒక్కటే ఎక్కడా రాయకూడని సంగతి. రాయకుండా ఉండటం అలవాటై, అనిపించడమే తగ్గిపోయిందేమో కూడా తెలియదు. వార్సాలో తనకేమనిపించేదని సువర్ణను అడిగాడు. మీకేమనిపించేదో నాకెట్లా తెలుస్తుందండీ, నాకైతే క్యాబేజీ వాసనకు కడుపులో తిప్పేది అందామె. ఆ వారం ఆయన క్యాబేజీ వాసన గురించి రాశాడు. జనానికి నచ్చింది. చర్చిలో పాస్టరు గారు కూడా ఆ మాటే ఎత్తి నవ్వారు.

అట్లా యాత్రా రచయిత అయ్యాడు. ఖార్టూంలో దుమ్ము లేచిన రోజు తలుపుల సందుల్లో తడిగుడ్డలు కుక్కింది రాశాడు, కొలంబోలో చేపల సంతలో దారి తప్పింది రాశాడు. రాసేకొద్దీ ఆయనకో ఇబ్బంది మొదలైంది. ఆ తడిగుడ్డలు తాను కుక్కాడా, ఎవరైనా చెప్పగా విన్నాడా? రాసేటప్పుడు స్పష్టంగా కనపడేది, అచ్చులో చూసుకుంటే అనుమానం వచ్చేది. అయినా తొంభై తొమ్మిదిలో పుస్తకం వచ్చింది, అమ్ముడుపోయింది కూడా.

మరుసటి ఏడు అమ్మాన్ సంగతులు మొదలుపెట్టాడు. కువైట్ యుద్ధమప్పుడు అక్కడి మనవాళ్లంతా బస్సుల్లో, లారీల్లో ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దుకు వచ్చి పడ్డారు. డేరాల్లో ఉంచి, విడతలు విడతలుగా విమానాలెక్కించారు. ఆ పనిలో శాంతిరాజు ఉన్నాడు. తాను ఎక్కువగా విమానాశ్రయంలోనే ఉన్నట్టు ఆయనకు జ్ఞాపకం. డేరాల దగ్గరికి పోయింది ఒకటి రెండుసార్లు, అదీ జ్వరంతో. అంతే రాశాడు, ఆయన ఫోటోతో సహా అచ్చయింది.

పది రోజులు పోయాక పుంగనూరు నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. పేరు మునీశ్వరి, పుంగనూరులో కుట్టు మిషను పెట్టుకుని బతుకుతోంది. సొంతూరు పెద్దపంజాణి దగ్గర. చదువురాని ఆమెకు కూతురు రోజా పత్రిక చదివి వినిపించిందట. వచ్చీ రాగానే శాంతిరాజు కాళ్లకు దండం పెట్టింది. ఆయన గాభరాగా వెనక్కి జరిగాడు.

ఆమె చెప్పింది ఇదీ. కువైట్‌లో ఇంటిపనికి పోయిందామె. సేట్లు పాస్‌పోర్టు తీసిపెట్టుకున్నారు, యుద్ధం రాగానే వాళ్లు యాడికి పోయినారో తెలీదు. డేరాల దగ్గర ఏ కాగితమూ లేక ఏడుస్తూ నిలబడితే ఒక ఆఫీసరు తెలుగులో పలకరించాడు. యా ఊరు తల్లీ అన్నాడు. పెద్దపంజాణి అంటే, పుంగనూరు నుంచి మీ ఊరికి పోయే దారిలో ఏమేముంటాయో చెప్పమన్నాడు. ఆమె వంక చెప్పింది, వంక దాటినాక మునీశ్వరుడి గుడి చెప్పింది, ఆ గుడి పేరే తనకు పెట్టినారని చెప్పింది, ఆపైన చింతతోపు చెప్పింది. చెప్తాంటే ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఇదే చాలు రుజువని, పాస్‌పోర్టుకు బదులుగా అక్కడే ప్రయాణపు కాగితం రాసిచ్చాడు.

"ఆ ఆఫీసరు మీరే గదప్పా," అంది.

శాంతిరాజుకు ఏ గుడీ, ఏ చింతతోపూ జ్ఞాపకం రాలేదు. తాను ఆ దారిన ఎప్పుడైనా పోయాడా అన్నదే తెలియదు. నేను కాదేమోనమ్మా అన్నాడు.

"మీరే. అపుడు మీసాలు ఉన్నింది, ఇపుడు తీసేసినారు."

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తనకు జన్మలో మీసాలు లేవు. కానీ కాఫీ తెచ్చిన సువర్ణ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఒకసారి మీసాలతో ఢిల్లీ ఇంటికొచ్చారండీ, గడ్డం గీసుకోను నీళ్లే దొరకలేదన్నారు అంది. అమ్మాన్ నుంచా, ఖార్టూం నుంచా అని ఆయన అడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. ఏదో ఎడారే అంది.

మునీశ్వరి వెళ్లిపోయాక ఆయనకు బాలప్ప గుర్తొచ్చాడు. అమ్మాన్‌లో తనతోపాటు పనిచేసిన వాడు, కుప్పం మనిషి, తెలుగు వచ్చినవాడు, గుబురు మీసాలవాడు. మనుషుల బాధ చూస్తే ఇట్టే కండ్లు తడైపోయేవి. ఆ పని చేసింది బాలప్పే అయ్యుండాలి. కానీ బాలప్ప పోయి మూడేళ్లయింది. ఆయన భార్య సిద్ధమ్మ కుప్పంలోనే ఉంది.

శాంతిరాజు బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయాడు. సిద్ధమ్మ మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. విషయమంతా విని తల ఊపింది.

"అవునప్పా, మా ఆయన ఈ కత చెప్తానే ఉండె. దారి అడిగి కాగితం రాసిచ్చేది."

"ఎవరు రాసిచ్చినారమ్మా? ఆయనా, నేనా?"

సిద్ధమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అదే తెలీలేదు. మీరు చేస్తే ఆయన సూసినాడో, ఆయన చేస్తే మీరు సూసినారో. వంట చేస్తా వింటి. మంచి పని అని మాత్రం గురుతుండాది."

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తాను చేసుంటే, చేసిన మంచిపని మరిచిపోయేంత ఎండిపోయాడా? చేయకుంటే, చనిపోయిన స్నేహితుడికి చెందాల్సిన దండం తాను తీసుకున్నట్టా? ఏది నిజమైతే తనకు బాగుంటుందో కూడా తేలలేదు. పలమనేరు దాటింది కూడా చూసుకోలేదు.

జయచంద్ర సలహా సూటిగానే ఉంది. ఆమే ఒప్పుకుంటాంటే మీకేం సార్, నేనే అని రాసేయండి, జనం కండ్లనీళ్లు పెట్టుకుంటారు అన్నాడు. శాంతిరాజుకు చేయి రాలేదు. ఉన్నదున్నట్టు రాశాడు: మునీశ్వరి మాట, సువర్ణ మాట, సిద్ధమ్మ మాట, ఏమీ గుర్తుకురాని తన సంగతి. ఏ ముగింపూ లేకుండా ఆపేశాడు. అంత తేలని రచన ఆయన ఏ ఆఫీసుకూ ఎన్నడూ పంపలేదు.

అది చదివించుకుని మునీశ్వరి మళ్లీ వచ్చింది. ఈసారి దండం పెట్టలేదు, నిలబడే మాట్లాడింది.

"యాలప్పా ఇట్లా రాసినారు? నా బిడ్డకు చిన్నప్పటి నుంచీ మీ గురించే చెప్తాండాను. ఇపుడు ఎవరో ఒకరు అంటే అది ఎవురికి దండం పెట్టుకోవల్ల?"

శాంతిరాజు నిజంగా తనకు గుర్తు లేదనీ, అబద్ధం రాయలేననీ చెప్పాడు.

"మీకు గుర్తుండేది మీ పని కాదు. నాకు గుర్తుండాది. సాలదా?"

చాలుతుందో చాలదో ఆయనకు తెలియలేదు. సువర్ణ ఆమెను లోపలికి తీసుకుపోయి భోజనం పెట్టింది. లోపల ఇద్దరూ ఢిల్లీ దుమ్ము గురించీ, కువైట్ దుమ్ము గురించీ మాట్లాడుకోవడం ఆయనకు వినపడింది.

ఆ తర్వాత శాంతిరాజు విదేశాల గురించి రాయడం తగ్గించాడు. కురబలకోట, పెద్దపంజాణి, గుడుపల్లె, ఈ చుట్టుపక్కలే బస్సుల్లో తిరిగి రాశాడు. పెద్దపంజాణి దారిలో వంక ఉంది, గుడి ఉంది. చింతతోపు కనపడలేదు. కొట్టేశారని ఒకాయన అన్నాడు, ఈడ ఎపుడూ తోపే లేదని ఇంకొకాయన అన్నాడు. రెండు మాటలూ రాశాడు. ఇంత డొంకతిరుగుడు దేనికని కొందరు విసుక్కున్నారు, కొందరు ఇదే బాగుందన్నారు. రెండో పుస్తకం మొదటిదంత అమ్ముడుపోలేదు.

రెండువేల నాలుగులో పుంగనూరులో రోజా పెళ్లి. మునీశ్వరి వచ్చి పిలిచింది, మొగుడూ పెళ్లాలిద్దరూ పోయారు. పొద్దున తాళి కట్టడం అయ్యాక ఆమె బంధువుల్లో ఒక ముసలాయన్ను చేయిపట్టి తీసుకొచ్చింది.

"మామా, నన్ను కువైట్ నుంచి తెచ్చినాయన ఈయనే."

శాంతిరాజు నోరు తెరిచాడు. ముసలాయన అప్పటికే ఆయన రెండు చేతులూ పట్టుకుని కండ్లకద్దుకుంటున్నాడు. బాగుండారా అప్పా అని మాత్రం అనగలిగాడు శాంతిరాజు.

బస్సులో సువర్ణ అడిగింది. "కాదని చెప్పలేదే?"

"ఏమో సువర్ణా," అన్నాడాయన. "ఆయన చేతులు పట్టుకున్నప్పుడు, నేనేనేమో అనిపించింది."

పెళ్లివాళ్లిచ్చిన తాంబూలంలోంచి సువర్ణ ఒక వక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.