బావ నడుము కొలత

"మీ బావ పోయార్రా" అంది అక్క. గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోను. అప్పుడు నేను చిలకలూరిపేటలో నా బట్టల షాపులో ఒక లారీ డ్రైవరుకు బెల్టులు చూపిస్తున్నాను. అతనికి ఏం చెప్పి పంపానో గుర్తులేదు. చేతిలో కొలత టేపు మాత్రం ఊరికెళ్లేదాకా అలాగే ఉండిపోయింది. బస్సు దిగాక చూసుకుని జేబులో పెట్టుకున్నాను.

మా బావ సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ సారు. ఆడపిల్లలకు కబడ్డీ నేర్పడమంటే ప్రాణం. మీలో ఎవరైనా ఆయన దగ్గర చదువుకుని ఉంటే ఆ గొంతు మరిచిపోయి ఉండరు. ఉదయం ప్రార్థనకి ఆయన మైకు వాడగా ఎవరూ చూడలేదు. నలగని ప్యాంటు, లోపలికి దోపిన చొక్కా, మెడలో ఈల. చొక్కా బయటికొచ్చిన పిల్లాడు కనిపిస్తే తిట్టేవారు కాదు. ఎదురుగా నిలబడి తన చొక్కానే ఒకసారి సర్దుకునేవారు. పిల్లాడికి అర్థమైపోయేది.

ఆయనకు తోలు బెల్టు ఏడాది నిలిచేది కాదు. పల్నాటి ఎండలో రోజంతా గ్రౌండులో ఉంటే చెమటకి నాని, ఎండకి బిగిసి పగిలిపోయేది. ఒకరోజు బండేసుకుని షాపుకొచ్చారు.

"ఒరేయ్, చెమటకి చావని బెల్టేదన్నా ఉంటే చూపించరా."

నైలాను తాళ్లతో జడలా అల్లిన పట్టీ మా దగ్గర చుట్టలుగా ఉంటుంది. కావలసినంత కోసి, కొస విడిపోకుండా వేడితో అంటించి, తోలు ముక్క కుట్టి, బకిల్ బిగించి ఇస్తాం. ఉతికితే గంటలో ఆరిపోతుంది. ఆయన ఆ పట్టీని లాగారు, మడిచారు, గోటితో గీకారు. రంగు ఊడుతుందేమోనని తడి గుడ్డతో రుద్ది చూశారు. సన్నవి వద్దని అన్నింటికన్నా వెడల్పుది తీసి, ముందు తన ప్యాంటు లూపుల్లో దూర్చి చూసుకున్నారు. రంగులు మెరూనూ నలుపూ. వాళ్ల జట్టు రంగులవి. బకిల్ మాత్రం గుర్రాల సినిమాల్లో వాళ్లు పెట్టుకునేలాంటిది, కోడిగుడ్డు ఆకారంలో ఇంత పెద్దది.

"దీనిమీద కూతకెళ్లే ఆడపిల్ల బొమ్మ చెక్కించరా" అన్నారు.

పక్క వీధిలో చెక్కించాను. బొమ్మకి ఒక కాలు కాస్త సాగిపోయింది. మార్పిస్తానంటే ఒప్పుకోలేదు. "పొడుగు కాలైతే మంచిదేగా, బోనస్ గీత అందుకుంటది" అని పెద్దగా నవ్వారు. ఇంటికెళితే మా అక్క, "స్కూలుకేనా, గుర్రప్పందేలకా?" అందట.

బెల్టు కొలత అనగానే చాలామంది ప్యాంటు సైజు చెబుతారు. అది నమ్మి కోస్తే పొట్టిదైపోతుంది. చొక్కా దోపుకున్నాక, లూపుల మీదుగా టేపు చుట్టి, ఆపైన బెత్తెడు కొస వదలాలి. ఆ రోజు నేను టేపు చుట్టబోతే ఆయన ఆపారు.

"ఆగు. ఊపిరి వదిలాక కొలవరా. బిగబట్టినవాడి కొలత అబద్ధం."

జట్టు పిల్లలకు జెర్సీలు కొలిపించేటప్పుడూ ఇదే మాట అనేవారట.

పత్తి లారీలతో రోడ్డు నిండిపోయే రోజుల్లో మళ్లీ వచ్చారు. కొస మరీ వేలాడుతోందన్నారు. కత్తిరించి, మళ్లీ తోలు కుట్టి ఇచ్చాను.

"ఏంటి బావా, పొట్ట మాయమైంది! పీఈటీ అంటే ఇట్టా ఉండాలి" అన్నాను.

ఆయన నవ్వారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. పక్క షాపాయనకు చూపించి, "చూడండి, ఈ వయసులో మా బావ ఎలా ఉన్నాడో" అన్నాను.

మిర్చి కోతలప్పుడు ఇంకోసారి వచ్చారు. మళ్లీ అదే పని. టేపు చుట్టేసరికి ఆయన గట్టిగా ఊపిరి పీల్చి పొట్ట ముందుకు తోసి నిలబడ్డారు.

"వదులు బావా, అబద్ధం కొలతంటావుగా" అన్నాను.

"ఇట్టాగే కొలువు. నాకిట్టాగే సరిపోద్ది."

వేళాకోళం అనుకున్నాను. తెప్పించిన టీ సగం తాగి పక్కన పెట్టేశారు. మా బావ టీ మిగల్చడం అంతకు ముందు నేనెరగను. అదీ చూశాను. ఇంతలో ఎవరో చొక్కాలు అడుగుతూ వచ్చారు. నేను అటు తిరిగాను.

తోలు బెల్టయితే పాత చిల్లు దగ్గర మడత పడుతుంది. మనిషి ఎంత తగ్గాడో ఇంట్లోవాళ్లకు అదే చెబుతుంది. అల్లిక బెల్టుకు చిల్లులుండవు. బకిల్ ముల్లు ఎక్కడ గుచ్చితే అక్కడ దిగుతుంది. మిగిలిన కొస ఒక్కటే సాక్ష్యం. దాన్ని నా కత్తెరతో నేనే తీసేశాను.

చివరికి గ్రౌండులో కళ్లు తిరిగి పడిపోతే పిల్లలే ఆటోలో తీసుకెళ్లారు. కడుపులో గడ్డ. ఆలస్యమైందన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని అన్నారు:

"జట్టు పోటీలయ్యాక చూపించుకుందామనుకున్నానురా. అక్కకి తెలిస్తే కదలనివ్వదు. అందుకే నీ దగ్గరికొచ్చా. నువ్వైతే అడగవు."

ప్రేమగానే అన్నారు. నన్ను మెచ్చుకున్నట్టే అన్నారు. అప్పట్నుంచీ ఆ మాట గుర్తొస్తే ఎంతటి పనిలో ఉన్నా చెయ్యి ఆగిపోతుంది.

పెద్దకర్మకు ముందురోజు అక్క పెరట్లో ఆయన ప్యాంట్లు ఉతికి ఆరేస్తోంది.

"ఇంత సన్నబడితే నాకెట్టా తెలియలేదురా? ఒక్కరోజన్నా ప్యాంటు జారితే తెలిసేది. ఒక్కరోజూ జారలేదు" అంది.

దాచుకోలేకపోయాను. రెండుసార్లు కొస కత్తిరించింది, పొగిడింది, టీ సంగతి, అంతా చెప్పేశాను. అక్క చేతిలో ప్యాంటు పిండుతూ పిండుతూ ఆగిపోయింది. నీళ్లు పాదాల మీద కారుతున్నా కదల్లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వడిగినా చెప్పేవారు కాదులే" అంది. ప్యాంటు దులిపి తీగ మీద వేసి, నా వైపు చూడకుండానే, "అయినా ఒక్కసారి అడగాల్సిందిరా" అంది.

ఆయన పిల్లలు, అంటే ఆ జట్టు పిల్లలు, పెద్దకర్మకు యూనిఫాంలోనే వచ్చారు. ఒక్కరి చొక్కా కూడా బయటికి లేదు. వాళ్లకు వడ్డిస్తూ నేను ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేకపోయాను. ఆయన నాకిచ్చినవి చాలా ఉన్నాయి. ఈ షాపు పెట్టినప్పుడు మొదటి బేరం ఆయనదే. మా నాన్న పోయినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది ఆయనే. "తింటున్నావా?" అని ఫోనుచేసి మరీ అడిగేవారు. ఆ ఒక్క మాట నేను ఆయన్ని అడగలేదు.

మొన్న ఒక మిర్చి రైతు షాపుకొచ్చాడు. నడివయసు మనిషి. తోలు బెల్టు తీసిచ్చి, లోపలికి ఇంకో చిల్లు పెట్టమన్నాడు.

"సన్నబడ్డారండీ. అన్నం సయిస్తోందా? ఎవరికన్నా చూపించుకున్నారా?" అని అడిగాను.

"చిల్లు పెట్టవయ్యా బాబూ! డాక్టరువా ఏంటి?" అని కసిరాడు.

పెట్టి ఇచ్చాను. విసురుగా లాక్కుని మెట్లు దిగి బండెక్కాడు. తాళం తిప్పాడు. కానీ స్టార్టు చేయలేదు. హైవే మీద లారీ వెనక లారీ పోతోంది. ఆ రైతు బెల్టు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. నేను కౌంటరు వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా, ఎండలోకి దిగి ఆయన వైపు నడిచాను.