సిపాయి సంచీలో మిగిలిపోయిన ఆకులు

"ఆకులు దాచమాకే. దెబ్బ తగలగానే తినిపించెయ్."

"ముందు మీరు ఆ మాత్ర మింగండి. సిపాయి సంగతి తర్వాత చూద్దాం."

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి పోయేముందు ఏమంటాడు? నిన్ను కష్టపెట్టానే అంటాడు. బీరువా తాళాలు ఫలానా చోట ఉన్నాయంటాడు. ఏమీ లేకపోతే దేవుణ్ణయినా తలుచుకుంటాడు. మా మహానుభావుడు టీవీ ఆటలో సిపాయికి ఆకులు తినిపించమని చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. ఇక లేవలేదు.

సరే, చెప్పాడు. నేను విన్నానా? వింటే ఈ గోలంతా ఎందుకు? వినకపోబట్టే నిక్షేపంలాంటి సిపాయిని పట్టపగలు పాము నోట్లో పెట్టాను. వీధి వీధంతా పోగుచేశాను. రేపల్లెలో తన మానాన తాను బతుకుతున్న మా మరిదిని శవం లేని చావుకి రప్పించాను.

మా మేనకోడలు సుగుణ పిల్లలు ఇప్పుడు ఫోనులో ఇలాంటి ఆటే ఆడుతున్నారు. ఊరూ పేరూ తెలియని వాళ్లతో కలిసి కత్తి తిప్పుతారట. "అత్తయ్యా, కొత్తగా ఆడేవాళ్లకి నువ్వు నాలుగు మాటలు చెప్పు, రాస్తాను" అని అది కలం పట్టుకు కూర్చుంది. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది కాబట్టి నేను చెబుతాను, అది రాస్తుంది. సుగుణా, నా తిట్లు తీసెయ్యకు. అవి తీసేస్తే ఇందులో ఇంకేం మిగలదు.

తొంభైల నాటి మాట. తెనాలిలో మాకు టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. బాపట్ల నుంచి ఎవరో టీవీకి తగిలించి ఆడే పెట్టె ఒకటి, దాంతో పాటు ఓ క్యాసెట్టూ తెచ్చి ఇచ్చి మళ్లీ మొహం చూపించలేదు. బాగైందో లేదో చూద్దామని మా ఆయన దాన్ని టీవీకి తగిలించాడు. అంతే. చూస్తూనే ఉన్నాడు. ఊళ్లోవాళ్ల టీవీలు మాత్రం పెద్దాసుపత్రి వరండాలో రోగుల్లా కొట్టులో వరసగా పడి ఉండేవి.

ఆట సంగతి చెబుతాను, మళ్లీ తెలియలేదనకండి. అందులో ఒక సిపాయి. కత్తి కొనేదాకా చేతిలో కర్ర, భుజాన సంచి. ఊరి బయట కప్పల్ని కొడితే కాస్త బలం వస్తుంది. గబ్బిలాల్ని కొడితే ఇంకాస్త. బలం తగినంత కూడగానే బాకా మోగుతుంది, వాడు ఒక మెట్టు ఎక్కినట్టు. దెబ్బ తగిలితే వాడి ప్రాణం చూపించే ఎరుపు గీత తగ్గుతుంది, అప్పుడు సంచిలోంచి పచ్చాకు తీసి తినిపించాలి. చీకటిపడితే పూటకూళ్లమ్మ ఇంట్లో పడుకోబెట్టాలి. అలా పడుకోబెడితే అప్పటిదాకా సంపాదించిందంతా క్యాసెట్టులో పదిలంగా ఉంటుంది. ఊరి చివర ఒక గుహ. గుహలో మూడు తలల పాము. అది దాటితే అవతల ఏముందో మా ఆయనకి తెలియదు. ఆ ఒక్కటి తెలుసుకోవాలనే యావలో మనిషి అన్నం చల్లారిపోయినా లేచేవాడు కాదు.

"ఏమే, ఇలా రా. ఈ మీట నొక్కితే కత్తి. ఇది నొక్కితే ఆకు."

"ఈ వయసులో నాకు కత్తులెందుకండీ? కూరగాయలకి కత్తిపీట చాలు."

"గుండె పట్టేసి నేను పడుకున్నప్పుడు నువ్వు కప్పల్ని కొడుతుండు. వాడి బలం తగ్గకూడదు."

అలా నేను ఒక చేత్తో అన్నం వారుస్తూ, ఇంకో చేత్తో కప్పల్ని కొట్టడం నేర్చుకున్నాను. నవ్వకండి. కొత్తగా ఆడేవాళ్లు చెయ్యాల్సిందీ అదే. పెద్ద పెద్ద భూతాల మీదికి ఎగబడకుండా ఊరిచుట్టూ తిరిగి కప్పల్ని కొట్టండి. కత్తికంటే ముందు డాలు కొనండి. ఇంతవరకూ నాకు వంక పెట్టేవాడు పుట్టలేదు.

ఆకుల దగ్గరే వచ్చింది తంటా. నా బుద్ధి అలాంటిది. నిజాంపట్నం నుంచి ఎండుచేపలు తెప్పిస్తే వానాకాలానికని అటకెక్కిస్తాను. వానాకాలం వస్తే, తుఫాను వస్తే పనికొస్తాయని ఉంచుతాను. తుఫాను వస్తే నిచ్చెనెక్కి దించడానికి భయం. ఆఖరికి వాటిని పిల్లులు తినేవి. ఇలాంటి దాని చేతికి సంచెడు ఆకులిస్తే ఏమవుతుంది?

మా ఆయన పోయి ఏడాది తిరగకముందే ఆ పెట్టె మీద గుడ్డ తీశాను. మాకు పిల్లల్లేరు. ఆయన పెంచి పెద్దచేసిన ప్రాణి అంటూ ఉంటే ఆ సిపాయి ఒక్కడే. ఆయన చూడలేని ఆ గుహ అవతల నేనన్నా చూసి, రోజూ గోడమీద ఫొటోలోంచి నన్నే చూసే ఆ మనిషికి చెప్పేస్తే ఆయనకీ నాకూ ఆ గోల వదిలిపోతుందనుకున్నాను. కప్పల్ని కొట్టాను, గబ్బిలాల్ని కొట్టాను, బాకాలు ఊదించాను. దొరికిన ఆకల్లా సంచిలో కుక్కాను. ఒక మధ్యాహ్నం సిపాయిని గుహలోకి దింపాను. పక్కింటి సుబ్బులక్క చిక్కుడుకాయలు తుంచుకుంటూ చూడ్డానికి వచ్చింది.

"ఏమే, వాడు తూలుతున్నాడు. ఓ ఆకు పెట్టవే."

"ఒక తల పడింది కదక్కా. రెండోది కూడా పడనీ."

"రెండోది పడింది, వాడూ పడేట్టున్నాడు! ఎరుపు గీత వెంట్రుకంత ఉందే!"

"అసలు కష్టం ముందుందక్కా. అప్పుడు పెడదాం."

"ఇంతకన్నా కష్టమేంటే? పాము వాడి పీక పట్టుకుంటే!"

"నువ్వు ఊరుకో అక్కా. ఆకులు చెట్లకి కాస్తాయా?"

ఈ మాట నోట్లో ఉండగానే సిపాయి వెల్లకిలా పడ్డాడు. తెర నల్లబడింది. ఏదో ఏడుపు పాట మొదలైంది. చచ్చినోడి కళ్లు చారెడంటారు. మా సిపాయి సంచీ అయితే బారెడు! ఒక్క ఆకు నలగలేదు. ఆ పాట వినలేక వైరు పట్టుకుని గోడలోంచి ఒక్క లాగు లాగాను. వైరు నా చేతికొచ్చింది, ప్లగ్గు గోడకే ఉండిపోయింది.

"పోయాడక్కా! నా చేతులారా చంపుకున్నానక్కా!"

నా గొంతు సంగతి తెలుసుగా, రైలింజను కూడా పక్కకి తప్పుకుంటుంది. వీధి వీధంతా గుమ్మంలో నిలబడింది. ఎదురు కొట్టు సోడాలాయన తువ్వాలు భుజాన వేసుకుని మరీ వచ్చాడు.

"ఎవరండీ పోయింది?"

"మా ఆయన సిపాయి నాయనా!"

"మీ ఆయన పోయి చాన్నాళ్లయింది కదండీ?"

"ఆయన ఒకసారి పోతే ఊరుకునే మనిషా?"

ఇదే ఊపులో టెలిఫోను బూత్‌కి పరిగెత్తి మా మరిది శేఖరానికి "పోయాడు, రా" అని రెండు ముక్కలు ఏడ్చి పెట్టేశాను. ఎవరో ఏమిటో చెప్పలేదు. పాపం, వాడు సాయంత్రం రేపల్లె బండి దిగి, చేతిలో పూలదండతో వచ్చాడు. సంగతి చెప్పేసరికి ఆ దండ ఎక్కడ పెట్టాలో తెలియక తలుపు గొళ్లేనికి తగిలించాడు.

"వదినా, పెట్టె మళ్లీ పెట్టి చూశావా?"

"చచ్చినవాడి మొహం మళ్లీ మళ్లీ చూస్తామా?"

"అన్నయ్య స్క్రూడ్రైవర్లు ఎక్కడ? ముందు ఈ ప్లగ్గు బిగించనీ."

మా ఆయన పోయాక ఆ పనిముట్ల పెట్టె నేను తెరవలేదు. శేఖరం తెరిచాడు. పై అర తీశాడు. తీసి, పెట్టెను నా ముందుకి జరిపాడు.

"వదినా... ఇవి..."

అడుగున స్క్రూల మధ్య తెల్లటి మాత్రలు. నేను రోజూ మంచినీళ్ల గ్లాసుతో సహా చేతికిచ్చి, మింగుతాడులే అని వంటింట్లోకి వెళ్లినవి. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి ఎంత భద్రంగా దాచాడనీ! నాకేమో ఆకులు దాచొద్దని నీతులు!

వీధి ఖాళీ అయింది గానీ నేను ఖాళీ కాలేదు. ఫొటోకి ఎదురుగా నిలబడి ఏమన్నానో సుగుణ రాయదట. రాయకపోతే పోనీ. ఆయన విన్నాడు, అది చాలు. శేఖరం తల వంచుకుని ప్లగ్గు బిగించాడు. టీవీ పెట్టాడు. చూద్దును కదా, సిపాయి పూటకూళ్లమ్మ ఇంట్లో మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు!

"ఈ ఆటలో ఎవరూ చావరు వదినా. అన్నయ్య ఎన్నిసార్లు చచ్చాడో! ప్రతిసారీ ఆవిడే లేపి కూర్చోబెట్టింది."

"ఆ ముక్క నాకు చెప్పడానికి నోరు రాలేదా ఆ మనిషికి? అవునులే, మాత్ర మింగడానికే రాలేదు!"

కళ్లు తుడుచుకున్నాను. మీటలు లాక్కున్నాను. సిపాయిని బరబరా ఈడ్చుకుంటూ గుహలోకి వెళ్లాను. పాము ఒక దెబ్బ వేస్తే ఒక ఆకు. తోక విదిలిస్తే ఒక ఆకు. అది ఊరికే నాలుక చాపినా ఇంకో ఆకు. "మింగు! నా ముందర మింగు!" అని అరుస్తూనే ఉన్నాను. శేఖరం ఒకసారి తెరవైపు, ఒకసారి ఫొటోవైపు చూశాడు. మూడో తల పడింది. సంచిలో ఆఖరి ఆకు కూడా అయిపోయింది. సిపాయి గుహ దాటి వెలుగులోకి వచ్చాడు.

అవతల ఏముందంటారా? ఆకుల తోట. కనుచూపు మేర చెట్లు, చెట్ల నిండా ఆ పచ్చాకులే! కాపలా లేదు, కంచె లేదు, కోసుకున్నవాడికి కోసుకున్నన్ని. శేఖరం నా మొహం చూసి, నవ్వు ఆపుకోలేక వీధిలోకి వెళ్లి నవ్వి వచ్చాడు. గొళ్లేనికున్న దండ తెచ్చి ఫొటోకి వేశాడు. "చూశారా, ఆకులేనండీ!" అని నేను ఫొటోకి చెప్పాను.

కాబట్టి కొత్తగా ఆడే నాయనలారా, అమ్మలారా, తెనాలి కాలువ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ సిపాయి సంచిలోనూ ఒక్క ఆకు దాచను. ఎవరికైనా మాత్ర చేతికిస్తే గుటక పడేదాకా అక్కణ్ణుంచి కదలను. ఎండుచేపలంటారా, అది నా ఇష్టం. మీరు మధ్యలో రావద్దు.

అయిందే సుగుణా. ఏదీ, ఒకసారి చదివి వినిపించు. పాము దగ్గర్నుంచి కాదే, మొదట్నుంచి. ఆయన మాట్లాడిన దగ్గర్నుంచి.