మాస్టారి షార్టెస్ట్

ఉయ్యూరు బడిలో మా ఇంగ్లీషు మాస్టారు చెరకు ముక్కలతో పాఠం చెప్పేవారు. మూడు ముక్కలు బల్ల మీద పేర్చి లాంగ్, లాంగర్, లాంగెస్ట్ అనిపించేవారు. తప్పు లేకుండా వాక్యం చెప్పినవాళ్లకి లాంగెస్ట్ ముక్క. సూపర్లేటివ్ నాకు అలా తియ్యగా వంటబట్టింది.

షార్ట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం క్లాసంతా నావైపు చెయ్యి చూపించింది. "షార్టెస్ట్ ఇదేనండీ మాస్టారూ!"

నేను తలెత్తలేదు. మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని, "రేపు చూద్దాంలే" అన్నారు.

మర్నాడు నాలుగేళ్ల మనవరాలిని ఎత్తుకొచ్చి నా పక్కన నిలబెట్టారు. "ఇప్పుడు చెప్పండ్రా, ఈ క్లాసులో ద షార్టెస్ట్ ఎవరు?"

ఆ పిల్ల బహుమతి కొట్టేసినట్టు రెండు చేతులూ ఎత్తి, "నేనే!" అని అరిచింది. ఆ నవ్వుల్లో నన్ను అందరూ మర్చిపోయారు.

మొన్న మాస్టారు పోయారని తెలిసి గుణదలలో వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది ఆ మనవరాలే. నాకంటే జానెడు పొడుగు. నేనెవరో చెప్పాను.

"మీ కథ తాతయ్య ఎన్నిసార్లు చెప్పారోనండీ" అంది.

మాస్టారి భార్య మామ్మగారు, నేను, ఆ అమ్మాయి దండ వేసిన ఫోటో ముందు నిలబడ్డాం. ఉన్నట్టుండి ఆ అమ్మాయి మోకాళ్లు వంచి, నా భుజం కిందికి దిగి, రెండు చేతులూ ఎత్తింది.

"నేనే, తాతయ్యా!"