మూడో ప్లగ్గు

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన రోజు నా కారుకు వణుకు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, స్టీరింగ్, నా చేతి గాజులు, వెనక సీట్లో టిఫిన్ డబ్బా అన్నీ కలిసి గలగలలాడాయి. తొక్కితే పికప్ లేదు. చేర్యాల బస్సు వెనక నుంచి హారన్ కొట్టి మరీ నన్ను దాటిపోయింది. ఆ బస్సును దాటడం నాకు రోజూ ఉండే చిన్న సంతోషం.

మేముండేది సిద్దిపేటలో, నేను కెమిస్ట్రీ చెప్పేది చేర్యాలలో. కారు నా పేరు మీద ఉంది. దాన్ని అమ్మేయాలన్న కోరిక మాత్రం మా ఆయనది. నంగునూరులో ఆయన దోస్తు ఒకాయన ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. వణుకు సంగతి వినగానే మా ఆయన మొహం వెలిగింది.

"ఇంజన్ కూసున్నది. ఇగ దానెంబడి పడకు. ఆదివారం వాడొచ్చి తీస్కపోతడు. నువ్వు బస్సుల పో. అందరు బస్సుల పోతలేరా?"

"అయితే నీ మోటర్ సైకిల్ గూడ ఇచ్చెయ్. ఇద్దరం పక్కపక్కన కూసోని పోదాం."

ఆయన ఫోన్ తీసి దోస్తును ఆదివారం రమ్మన్నాడు. ఆదివారం లోపల బండి బాగుపడాలి, లేకపోతే పోతుంది. మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా కరీంనగర్ రోడ్డులో మెకానిక్ దగ్గరికి పోనిచ్చాను. అతను కూర్చున్న చోటి నుంచే చప్పుడు విన్నాడు.

"ఖల్లాస్ మేడమ్. ఇంజన్ దించాలె. ఇడిసిపెట్టి పోన్రి."

"ఏం పోయింది?"

"పాత బండి గద, అన్ని పోతయ్."

"అన్నీ పోతే ఈడిదాక ఎట్లొచ్చింది? నేను నెట్టుకొచ్చిన్నా?"

అతను నవ్వి లేచాడు. నవ్వినవాడితో పని చేయించుకోవడం సులువు. బోనెట్ ఎత్తమన్నాను. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో కాయిల్ వైరు పీకి, మళ్లీ పెట్టమన్నాను. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక ప్లగ్గు, దాని మీద కరెంటు పంపే ఒక కాయిల్. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడితేనే పెట్రోలు మండుతుంది. పని చేస్తున్న దాని వైరు పీకితే వణుకు పెరగాలి. పెరగలేదంటే అది ముందే పని మానేసిందన్నమాట. ఎవరు సెలవు పెడితే ఏ తేడా రాదో మా స్టాఫ్ రూములో కూడా ఇలాగే తెలుస్తుంది.

మొదటిది పీకితే బండి ఆగిపోబోయింది. రెండోదీ అంతే. మూడోదానికి మాత్రం ఏ మార్పూ లేదు.

"పీకినవా?"

"పీకిన మేడమ్. గిదిగో, చేతిలనే ఉన్నది."

ఇంజన్ ఆపాను. అతను మూడో కాయిల్‌ను పైకి లాగాడు. దాని కింది రబ్బరు గొట్టం నుంచి నీళ్లు కారాయి. ప్లగ్గు ఉండే గుంతలోనూ నీళ్లే.

"పండుగకు ఇంజన్ కడిగించిన్రా?"

కడిగించకపోవడమా! దసరా పొద్దున మా ఆయన కారును సర్వీసింగ్‌కు తీసుకెళ్లాడు. పూజకు ఇంజన్ అద్దంలా మెరవాలని బోనెట్ ఎత్తించి, జోరుగా నీళ్లు చిమ్మే పైపుతో కడిగించాడు. ఇంటికొచ్చాక ఇంజన్‌కు కూడా పసుపు, కుంకుమ, బంతిపూలు. టైర్ల కింద నిమ్మకాయలు. అమ్మవారు చల్లగా చూస్తుందని వీధి వీధంతా అదే పని.

"పండుగైనంక మాకు గిసొంటియే వస్తయ్ మేడమ్."

"తెలిసి గూడ ఇంజన్ దించుతనంటివేంది?"

"మీరు కొట్లాడేదాక బోనెట్ ఎత్తలే గద."

అతను రెంచి అందుకున్నాడు. "ఆగు, ప్లగ్గు ఇప్పితే నీళ్లు లోపటికి దిగుతయ్" అని అరిచాను. "గాలి పైపు పట్కొస్తున్న మేడమ్, జర ఊపిరి తీస్కోన్రి" అన్నాడు. గుంత ఆరబెట్టాకే ప్లగ్గు విప్పాడు. దాని తెల్లటి పింగాణీ మీద నల్లటి గీత ఉంది. కరెంటు లోపలికి పోకుండా ఆ తడి గీత మీదుగా పక్కదారి పట్టిందన్నమాట. కొత్త ప్లగ్గు వేశాం. స్టార్ట్ చేశాను. వణుకు అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్. "ఏమన్నడు? అయిపోయిందన్నడా?"

"నీళ్లు పోయించినాయన నువ్వే గద. నువ్వే చెప్పు." ఫోన్ పెట్టేశాను.

మెకానిక్ తల గోక్కుంటున్నాడు. మూడో కాయిల్ రెండోదాంట్లో, రెండోది మూడోదాంట్లో పెట్టమన్నాను. మళ్లీ వైర్లు పీకాం. ఈసారి మూడోది బతికింది, రెండోది చచ్చింది. అంటే దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది. రబ్బరు లోపలికి టార్చి వేస్తే, అక్కడా కాలిన గీత. "మాన్‌గయే మేడమ్" అని ఒప్పుకున్నాడు అతను. కానీ ఆ కాయిల్ సిద్దిపేటలో ఎక్కడా దొరకలేదు. హైదరాబాద్ నుంచి రావాలి. అది వచ్చేదాకా బండి షాపులోనే ఉంది, నేను బస్సులో వెళ్లాను. చేర్యాల దాకా నిలబడే.

కాయిల్ ఆదివారం పొద్దుటికి గానీ రాలేదు. మెకానిక్ దాన్ని బిగిస్తుండగానే మా ఆయన దోస్తును వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు. బండి నడుపుకుంటూ పోవచ్చని దోస్తు పొద్దున్నే నంగునూరు నుంచి బస్సెక్కి వచ్చాడట.

తాళం తిప్పాను. వణుకు లేదు. మెకానిక్ తన చాయ్ గ్లాసును డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. చాయ్ కదల్లేదు. నా గాజులూ మోగలేదు.

"బండి మస్తుగున్నది గదరా! ఖరాబైందంటివి?" అన్నాడు దోస్తు. నా వైపు తిరిగి, "వదినె, గిట్లనే పట్కపోత" అన్నాడు. చెడినప్పుడు పోవాల్సిన కారు, బాగైనందుకు ఇంకా తొందరగా పోయేట్టుంది. మా ఆయన ఇంజన్ వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు.

"ఎక్కన్నా," అన్నాను, డ్రైవర్ సీట్లోంచి దిగకుండా. "నువ్వు గూడ ఎక్కు," అని మా ఆయనకు చెప్పాను.

ఎక్కారు. ట్రయల్ అనుకున్నట్టున్నారు. బస్టాండు ముందు ఆపాను.

"నంగునూరు బస్సు గాడ నిలబడ్డది అన్నా. ఏమనుకోకు, బండి అమ్మెడిది లేదు. అందరు బస్సుల పోతలేరా?"

దోస్తు మా ఆయన వైపు చూశాడు, పకపకా నవ్వాడు, దిగాడు. మా ఆయన ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. సీటు బెల్టు పెట్టుకుంటూ అన్నాడు:

"వచ్చే దసరకు మరి పూజ?"

"బోనెట్ మీద బొట్టు పెట్టు. ఎత్తినవంటే సూడు."