నవంబరులో పరచిన కంకర

ఈ ఏప్రిల్‌లో ఇక్కడ కెనడాలోని కేంబ్రిడ్జ్ దగ్గర వాగు మీది చిన్న వంతెన ఒక కొస కుంగింది. స్కూలు బస్సు దాటివెళ్లిన కాసేపటికే రోడ్డు అడుగు లోతుకు దిగబడిందట. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. మూడో రోజున వదిన ఫోన్ చేసింది. నాకు పని నేర్పిన, నేను అన్నా అని పిలిచే మనిషి భార్య ఆమె. అన్న పోయి రెండేళ్లవుతోంది.

నేను కెనడా వచ్చేనాటికి నలభై ఎనిమిదేళ్లవాణ్ణి. మన దేశంలో ఇరవై ఏళ్లు కాలువ పనులు చేయించినా ఇక్కడి లైసెన్సు లేదు కనుక ట్రైనీగా చేరితే, కడప నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఆయన నన్ను చేరదీశాడు. కాంక్రీటు గోడ లేకుండా వంతెనను మట్టి మీదే నిలబెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను: జానెడు మందాన కంకర పరచడం, రోలర్‌తో అణచడం, పైన గట్టి ప్లాస్టిక్ నేత కప్పడం, మళ్లీ కంకర, మళ్లీ నేత, అలా ఇరవై పొరలు. డిజైన్ లెక్కలు నాకు త్వరగానే పట్టుబడ్డాయి. చలిని అనుమానించడమే రాలేదు. గడ్డకట్టిన కంకర లోపల వదులుగా ఉన్నా రాయిలా తగులుతుంది, పరీక్ష చేసే మిషన్ కూడా పాస్ అంటుంది, ఎండలు వచ్చి మంచు కరిగాక దిగిపోతుంది. అందుకే ఆయన ప్రతి పొరలోంచీ గుప్పెడు తీసి తన టిఫిన్ డబ్బాలో వేసి ట్రక్కు హీటర్ ముందు పెట్టేవాడు. అడుగున నీళ్లు ఊరితే పొరంతా తవ్వించేవాడు. "మిషన్‌కేం తెలుసు సామీ, దానికి చలి పెడతాదా?" అని నవ్వేవాడు.

ఈ వంతెన కడుతున్న ఏడాది నవంబరు చివర వదినకు ఆపరేషన్ ఉండి ఆయన ఒకరోజు రాలేదు. విసురుగాలి, కంట్రాక్టర్ మనుషుల తొందర, మిషన్ పాస్ అంది. డబ్బా ట్రక్కు సీటు మీదే ఉంది, నేను ముట్టలేదు.

"డబ్బాలో పెట్టి చూసినావా?" అని ఫోన్‌లో అడిగాడు.

"చూశానన్నా, పొడిగానే ఉంది."

ట్రైనీ సంతకం చెల్లదు. మర్నాడు వచ్చి, నా మాట నమ్మి ఆ రోజు పరీక్షల పేజీ మీద ఆయనే సంతకం చేశాడు.

తొలి వేసవికే రోడ్డు కాస్త పల్లమైంది, తారు పోశారు. ఏటా పోస్తూనే వచ్చారు. "నేనే యాడనో చూసుకోలా" అని ఆయన నా ముందే అనుకున్నాడు.

ఇప్పుడు ప్రతి పొరకూ ఫోటో తీసి పంపనిదే పై పొర వేయనివ్వరు. ఆ రోజుల్లో మనిషి మాట సరిపోయేది, ఆ వెసులుబాటును వాడుకున్నవాణ్ణి నేనే.

ఆయన కాగితాలన్నీ పంపమని దర్యాప్తు అధికారుల నుంచి వదినకు ఉత్తరం వచ్చిందట, అందుకే ఆ ఫోన్. "మీ అన్న చూడకుండా సంతకం పెట్టే మనిషా నాయనా?" అని అడిగింది. కాదు వదినా అన్నాను. కాగితాలు ఎప్పటిలోగా పంపాలో అడిగాను.

వంతెన ఇంకా మూసే ఉంది. దర్యాప్తు చేసేవాళ్లు ఇంతవరకు నన్ను పిలవలేదు, నేనూ వెళ్లలేదు.